పొద్దున 9:30కి డిశ్చార్జ్ అన్నారు, రాత్రి 7:40కి గేటు దాటాం. మధ్యలో ఫైల్ ఎక్కడుంటుంది?

ఉప్పల్_అమ్మాయి

మా నాన్నకి 68 ఏళ్లు. షుగర్ ఉంది, పదహారేళ్లుగా ఇన్సులిన్ మీదే ఉన్నారు. పిత్తాశయంలో రాళ్లకి లాపరోస్కోపీ చేయించాం. ఆపరేషన్ చక్కగా అయింది, డాక్టర్ గారి మీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. నా బాధంతా డిశ్చార్జ్ రోజు గురించే. హాస్పిటల్ పేరు రాయను, సిటీలో పెద్దదే.

శనివారం పొద్దున 9:30కి రౌండ్స్‌కి వచ్చి “ఇవాళ ఇంటికెళ్లొచ్చు” అన్నారు. నాన్న ఆ మాట కోసమే కూర్చున్నారు. వెంటనే గౌను విప్పేసి, కాన్యులా ఉన్న ఎడమ చేతిని జాగ్రత్తగా దూర్చి సొంత చొక్కా తొడుక్కున్నారు. బ్యాగులు సర్దేశాం. తమ్ముడు పది గంటలకే కారు తెచ్చి సెల్లార్‌లో పెట్టాడు.

రోజూ 12:30కి వచ్చే భోజనం ట్రాలీ పక్క బెడ్ దాకా వచ్చి, మా దగ్గర ఆగకుండా వెళ్లిపోయింది. అడిగితే “మీది డిశ్చార్జ్ పడింది మేడమ్, డైట్ లిస్టులో పేరు లేదు” అన్నారు. ఇప్పుడో ఇంకాసేపటికో పంపిస్తారు, ఇంటికెళ్లే తినొచ్చు అని మేమూ ఊరుకున్నాం. పొద్దున వేసిన ఇన్సులిన్ మాత్రం దాని పని అది చేసుకుపోతోంది. 1:45కి నాన్న చేతులు వణికాయి, చొక్కా వీపు మొత్తం తడిసిపోయింది. సిస్టర్ పరిగెత్తుకొచ్చి చూస్తే షుగర్ 61. గ్లూకోజ్ నీళ్లు తాగించారు, నేను క్యాంటీన్‌కి దిగి ఇడ్లీ తెచ్చాను. పది నిమిషాల్లో తేరుకున్నారు గానీ ఆ పది నిమిషాలు నేను మర్చిపోలేను.

కౌంటర్‌లో అడిగితే “ఇన్సూరెన్స్ అప్రూవల్ రాలేదు” అన్నారు. ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేస్తే “మాకు ఫైనల్ బిల్లే రాలేదు” అన్నారు. ఇద్దరి మధ్యా సాయంత్రం దాకా తిరిగాం. రాత్రి 7:40కి గేటు పాస్ చేతికొచ్చింది.

వచ్చే నెల అమ్మకి మోకాలి ఆపరేషన్. డాక్టర్ అక్కడే ఉంటారు కాబట్టి మళ్లీ అదే హాస్పిటల్‌కి వెళ్లాలి. ఈసారి ఇలా కాకుండా ఏం చెయ్యాలో తెలిసినవాళ్లు చెప్పండి. అసలు అంతసేపు ఆ ఫైల్ ఎక్కడుంటుంది?

మూసాపేట్77

అక్కా, మాకూ ఇంతే. పోయిన దసరా ముందు మా మామయ్యకి 11 గంటలకి చెప్పి సాయంత్రం 6 చేశారు. ఆయన్ని ఖమ్మం తీసుకెళ్లాలి. కారు డ్రైవర్ వెయిటింగ్ ఛార్జీలే 1,200 అయ్యాయి.

బిల్లింగ్_కౌంటర్

నేను పన్నెండేళ్లుగా హాస్పిటల్ బిల్లింగ్‌లో ఉన్నాను. రెండు హాస్పిటళ్లు మారాను, ఇప్పుడు ఒకచోట షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. మీ నాన్నగారి షుగర్ సంగతి చదివి చాలా బాధేసింది. డైట్ ఆపేసే పద్ధతి తప్పు. డాక్టర్ నోట డిశ్చార్జ్ మాట రాగానే సిస్టమ్‌లో వంటింటికి మెసేజ్ వెళ్లిపోతుంది, మనిషి మాత్రం వార్డులోనే ఉంటాడు. మా దగ్గర రెండేళ్ల కింద ఇది మార్పించాం. ఇప్పుడు గేటు పాస్ ప్రింట్ అయ్యాకే డైట్ ఆగుతుంది.

ఫైల్ ఎక్కడుంటుందని అడిగారు. ఇవాళ వెళ్లొచ్చని డాక్టర్ అంటే బిల్లింగ్‌లో మాకు ఏమీ తెలియదు. ముందు డ్యూటీ డాక్టర్ డిశ్చార్జ్ సమ్మరీ రాయాలి, కన్సల్టెంట్, అంటే మీ కేసు చూసే పెద్ద డాక్టర్, చూసి సంతకం పెట్టాలి. ఈలోగా ఆయన ఓపీకో, ఓటీకో (ఆపరేషన్ థియేటర్) వెళ్లిపోతే సమ్మరీ అక్కడే ఆగిపోతుంది. ఇంకోపక్క వార్డు సిస్టర్ వాడని మందులు, సిరంజిలు లెక్కపెట్టి ఫార్మసీకి రిటర్న్ పంపాలి. ఫార్మసీ ఆ రిటర్న్ తీసుకునేదాకా బిల్లు మూయలేం. మూస్తే మీరు వాడని మందుకి కూడా డబ్బు కడతారు. ల్యాబ్, రేడియాలజీ, ఓటీ, ఫిజియో, డైటీషియన్, అందరి ఎంట్రీలూ పడాలి. అప్పుడే ఫైల్ కింద మా దగ్గరికి దిగుతుంది.

మేం ఆ బిల్లుని ప్యాకేజీతో, ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పుకున్న రేట్లతో సరిచూసి టీపీఏ డెస్క్‌కి, అంటే హాస్పిటల్‌లో ఇన్సూరెన్స్ పనులు చూసే డెస్క్‌కి ఇస్తాం. వాళ్లు సమ్మరీ, బిల్లు, రిపోర్టులు అప్‌లోడ్ చేస్తారు. మీకు వినపడే “ఇన్సూరెన్స్ నుంచి రాలేదు” అన్న మాట నిజంగా అక్కడ మొదలవ్వాలి. కానీ కౌంటర్‌లో కూర్చున్న పిల్లలకి అదొక్కటే సులువుగా నోటికొచ్చే జవాబు కాబట్టి పొద్దున్నుంచీ అదే చెప్తుంటారు. మా వాళ్లకి నేను మొదటిరోజే చెప్పే మాట ఇది: ఫైల్ ఎక్కడుందో చూసి చెప్పండి, చూడకుండా ఇన్సూరెన్స్ మీదికి తొయ్యకండి.

అందుకే పేషెంట్ తరఫువాళ్లు “ఇంకా ఎంతసేపు” అని అడిగితే లాభం లేదు. “ఫైల్ ఇప్పుడు ఎవరి దగ్గరుంది, ఎన్నింటికి అక్కడికి వచ్చింది” అని అడగండి. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే సిస్టమ్ తెరిచి చూడక తప్పదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్

వార్డు వైపు నుంచి ఒక మాట. పొద్దున షిఫ్ట్‌లో ఇద్దరం ఉంటాం, పద్దెనిమిది బెడ్లు. అందులో ఐదారు డిశ్చార్జ్‌లు, అవన్నీ ఒకే రౌండ్స్‌లో చెప్తారు. ఒకరికి రిటర్న్ రాస్తుంటే ఇంకొకరికి డ్రెస్సింగ్ టైమ్ అవుతుంది, పైనుంచి ఐసీయూ షిఫ్టింగ్ వస్తుంది. మందులు లెక్కపెట్టే పని గంట తర్వాతకి వాయిదా పడేది ఇందుకే.

రాత్రి డ్యూటీలో మేం చెయ్యగలిగింది చేస్తాం. రేపు డిశ్చార్జ్ ఉండొచ్చని కన్సల్టెంట్ సాయంత్రమే ఫైల్‌లో రాస్తే, ఆ రాత్రే ఎక్కువ మందులు వెనక్కి పంపేసి, పొద్దుటి డోసు వరకే ఉంచుకుంటాం. కాబట్టి మీరు ముందురోజు సాయంత్రం రౌండ్స్‌లోనే డాక్టర్‌ని అడగండి: “రేపు పంపించే అవకాశం ఉంటే ఫైల్‌లో రాస్తారా సార్?” అని. ఈ ఒక్క ప్రశ్నతో మాకు చాలా సాయం చేసినట్టు.

ఉప్పల్_అమ్మాయి గారూ, డిశ్చార్జ్ అయినా ఇన్సులిన్ మీద ఉన్న మనిషికి భోజనం టైమ్ దాటకూడదు. మీరు అడగకపోయినా మేం చూడాల్సిన విషయం అది. మీ వార్డులో చూసుకోలేదు. సాటి నర్సుగా సారీ చెప్తున్నాను.

పాలసీ_బాబాయ్

క్లెయిమ్స్‌లో ఇరవై ఏళ్లకి పైగా పని చేసి రిటైరయ్యాను. ఇన్సూరెన్స్ వైపు రూల్ ఏముందో చెప్తాను, గట్టిగా గుర్తుపెట్టుకోండి.

2024 మే 29న ఐఆర్‌డీఏఐ, అంటే ఇన్సూరెన్స్ కంపెనీల్ని నియంత్రించే సంస్థ, హెల్త్ ఇన్సూరెన్స్ మీద ఒక మాస్టర్ సర్క్యులర్ ఇచ్చింది. దాని హెడ్డాఫీసు మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది. క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా హాస్పిటల్‌కి కట్టడం) అడిగితే మొదటి నిర్ణయం గంటలోపు చెప్పాలి. డిశ్చార్జ్ అప్పుడు ఫైనల్ అప్రూవల్, హాస్పిటల్ నుంచి రిక్వెస్ట్ అందిన మూడు గంటల్లోపు ఇవ్వాలి. అది దాటినందువల్ల హాస్పిటల్ అదనంగా ఏమైనా ఛార్జ్ చేస్తే, ఆ సొమ్ము ఇన్సూరెన్స్ కంపెనీ తన వాటాదార్ల నిధి నుంచి భరించాలి.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. మూడు గంటలు డాక్టర్ మాట దగ్గర్నుంచి కాదు. హాస్పిటల్ ఫైనల్ రిక్వెస్ట్ అప్‌లోడ్ చేసిన నిమిషం నుంచి. మీ నాన్నగారి కేసులో ఆ టైమ్ ఎంతో కనుక్కోండి అమ్మా. పాలసీ యాప్‌లో క్లెయిమ్ స్టేటస్ తెరిస్తే సాధారణంగా కనిపిస్తుంది, లేదంటే కస్టమర్ కేర్‌ని అడగండి.

ఉప్పల్_అమ్మాయి

బాబాయ్ గారూ, ఇప్పుడే యాప్ చూశాను. ఫైనల్ బిల్లు అందింది మధ్యాహ్నం 2:52. ఇన్సూరెన్స్ వాళ్లు క్వెరీ వేసింది 4:05, “హిస్టోపాథాలజీ రిపోర్ట్, లేదా పెండింగ్ అని లెటర్” కావాలని. హాస్పిటల్ జవాబు 5:40. అప్రూవల్ 6:31.

అంటే 9:30 నుంచి 2:52 దాకా అసలు ఇన్సూరెన్స్‌కి సంబంధమే లేదు! నేనేమో మధ్యాహ్నం ఒంటిగంటకే ఫోన్‌లో వాళ్లని తిట్టాను.

రెసిడెంట్_డాక్టర్

ఆ సమ్మరీ టైప్ చేసేది నాలాంటివాళ్లే, కాబట్టి మా తప్పు కూడా ఒప్పుకుంటాను. రౌండ్స్ అయ్యాక కొత్త అడ్మిషన్లు, రక్త పరీక్షల ఆర్డర్లు, ఓటీకి పంపాల్సిన కేసులు ముందుంటాయి. ప్రాణం మీదికొచ్చినవాళ్లు ముందు, బాగైనవాళ్లు తర్వాత అన్నది మాకు అలవాటైపోయిన వరస. అది తప్పనలేను. కానీ సమ్మరీలో ముప్పావు వంతు ఆపరేషన్ రోజే రాసిపెట్టుకోవచ్చు. అడ్మిషన్ హిస్టరీ, పరీక్షలు, ఏం చేశాం, ఏం కనిపించింది, ఇవన్నీ డిశ్చార్జ్ రోజు దాకా ఆపాల్సిన పని లేదు. ఆ రోజు కలపాల్సింది ప్రస్తుత పరిస్థితి, మందులు, మళ్లీ ఎప్పుడు రావాలి, అంతే. మా యూనిట్‌లో ఇలా మొదలుపెట్టాక 11 లోపే సంతకాలు అవుతున్నాయి.

వాళ్లు అడిగిన హిస్టోపాథాలజీ అంటే తీసేసిన పిత్తాశయం బయాప్సీ, ఆ రిపోర్ట్‌కి రోజులు పడుతుంది. కాబట్టి ఆ పెండింగ్ లెటర్ ముందే జత చెయ్యాల్సింది. వాళ్లు అడుగుతారని తెలిసి కూడా పెట్టకపోవడం వల్లే గంటన్నర పోయింది.

సికింద్రాబాద్_రిటైర్డ్

మీరందరూ చాలా మర్యాదగా మాట్లాడుతున్నారు. నాకైతే కావాలనే లేటు చేస్తారనిపిస్తుంది. మధ్యాహ్నం 12 దాటితే ఇంకో రోజు రూమ్ రెంట్ వేస్తారు. మా ఆవిడ విషయంలో 9,500 అలాగే పడింది. బెడ్ ఖాళీ చెయ్యనిది మేమా వాళ్లా?

బిల్లింగ్_కౌంటర్

సార్, మీ కోపంలో న్యాయం ఉంది. రోజు లెక్క అన్నిచోట్లా ఒకలా ఉండదు. కొన్నిచోట్ల అడ్మిషన్ టైమ్ నుంచి 24 గంటలు, కొన్నిచోట్ల హోటల్‌లా మధ్యాహ్నం 12 కటాఫ్. అడ్మిషన్ రోజు సంతకం పెట్టించే కాగితాల్లో ఇది ఉంటుంది. కానీ ఆ టెన్షన్‌లో ఎవరూ చదవరు.

కావాలని ఆపుతారా అంటే, నేను పనిచేసిన రెండుచోట్లా చూడలేదు. ఎమర్జెన్సీలో బెడ్ కోసం మనుషులు స్ట్రెచర్ల మీద ఉంటే పాత పేషెంట్‌ని కూర్చోబెట్టుకోవడం హాస్పిటల్‌కే నష్టం. కానీ ఆలస్యం మా వల్లే అయినప్పుడు ఆ అదనపు రోజు అద్దె అడిగి తీయించుకునే హక్కు మీకుంది. నేరుగా బిల్లింగ్ మేనేజర్ దగ్గరికి వెళ్లి “డాక్టర్ ఆర్డర్ ఎన్నింటికి, బిల్లు ఎన్నింటికి” అని రెండు టైమ్‌లు పక్కపక్కన పెట్టండి. నేనే ఎన్నోసార్లు తీసేశాను.

పాలసీ_బాబాయ్

సికింద్రాబాద్ గారూ, మీ బిల్లులో రూమ్ రెంట్ లిమిట్ కూడా చూసుకోండి. పాలసీలో రోజుకి 5,000 లిమిట్ ఉండి 8,000 రూమ్ తీసుకుంటే, పోయేది ఆ 3,000 మాత్రమే కాదు. డాక్టర్ ఫీజు, ఓటీ ఛార్జీలు, నర్సింగ్‌కి కూడా ఎనిమిదిలో ఐదు వంతులే ఇస్తారు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలకి ఈ కోత వెయ్యకూడదు. ఐసీయూ ఛార్జీలకి కూడా వెయ్యకూడదు. డిశ్చార్జ్ రోజు కౌంటర్ దగ్గర సగం గొడవలు ఇక్కడే మొదలవుతాయి, డబ్బు సర్దుకోవడానికి ఇంకో రెండు గంటలు పోతాయి. అడ్మిషన్ రోజే టీపీఏ డెస్క్‌లో “మా చేతి నుంచి ఎంత పడొచ్చు” అని అడిగి ఉంచుకోండి.

ఇంకొకటి. కార్డు లిమిట్ చాలక కౌంటర్ దగ్గర బంధువులకి ఫోన్లు చేసేవాళ్లని చాలామందిని చూశాను. హాస్పిటళ్లకి యూపీఐ లిమిట్‌ని 2023 డిసెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ 5 లక్షలకి పెంచింది. మీ బ్యాంకు, మీ యాప్ ఎంతవరకు ఇస్తాయో ముందురోజే చూసుకోండి.

నల్గొండ_బాపు_కొడుకు

మాది ఆరోగ్యశ్రీ కేసు. బాపుకి గుండె ఆపరేషన్ సిటీలోనే అయింది. 2023 డిసెంబర్‌లో లిమిట్ 10 లక్షలు చేశారు కాబట్టి డబ్బు బాధ లేకుండే. కానీ డిశ్చార్జ్ రోజు ఎవరిని అడగాలో తెలువక నాలుగు గంటలు బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడ్డాం. అక్కడ మా ఫైలే లేదు. ఆరోగ్యశ్రీకి వేరే డెస్క్ ఉంటది, అక్కడ ఆరోగ్యమిత్ర అని పేషెంట్లకి సాయం చేసే ఉద్యోగి ఉంటారు. ఆమె దగ్గరికి పోయినంక ముప్పావు గంటలో అన్నీ చేసి పంపింది. ఎవరికన్నా అవసరమైతే నేరుగా ఆ డెస్క్‌కే పోండి, డెస్క్ దొరకకపోతే 104కి ఫోన్ చెయ్యండి. ఇంటికి పోయినంక వాడాల్సిన మందులు పది రోజులకి అక్కడే ఇస్తారు, తీసుకోకుండా రాకండి.

మియాపూర్_శైలి

నాది ఇంకో రకం సమస్య. డబ్బులన్నీ కట్టి, క్లియర్ చేసుకుని ఇంటికొచ్చిన నాలుగు రోజులకి ఫోన్. “మీ బాబుకి చేసిన కల్చర్ టెస్ట్ 2,350 బిల్లులో పడలేదు, పంపండి” అని. ఫోన్‌లో యూపీఐ నంబర్ కూడా చెప్పబోయారు. నేను పంపలేదు. పంపాలా?

బిల్లింగ్_కౌంటర్

ఫోన్‌లో చెప్పిన నంబర్‌కి ఎప్పుడూ పంపకండి. నిజంగా హాస్పిటల్ నుంచే వచ్చినా సరే. మీ ఐపీ (అడ్మిషన్) నంబర్‌తో సప్లిమెంటరీ బిల్లు మెయిల్ చెయ్యమనండి. అందులో టెస్ట్ ఆర్డర్ చేసిన తేదీ, శాంపిల్ తీసుకున్న తేదీ ఉండాలి. మీ ఫైనల్ బిల్లుతో పోల్చి చూడండి, అదే టెస్ట్ వేరే పేరుతో ముందే పడి ఉండొచ్చు.

ఇలా ఎందుకవుతుందంటే, కొన్ని ఛార్జీలు ఆర్డర్ ఇచ్చినప్పుడు పడతాయి, కొన్ని ల్యాబ్ శాంపిల్ తీసుకున్నట్టు నొక్కినప్పుడు పడతాయి. రాత్రి తీసిన శాంపిల్ పొద్దున ఎంటర్ చేస్తే, ఈలోపు బిల్లు మూసేసి ఉంటారు. బ్లడ్ బ్యాంక్, వేరే డిపార్ట్‌మెంట్ డాక్టర్ వచ్చి చూసిన విజిట్, ఓటీలో వాడిన ఇంప్లాంట్, ఇవీ అలాగే జారిపోతుంటాయి. మేం ఇప్పుడు రోజూ రాత్రి 10కి ప్రతి బెడ్ బిల్లూ తీసి, ఆ రోజు ఆర్డర్లతో టిక్కు పెట్టి చూస్తున్నాం. డిశ్చార్జ్ రోజు పొద్దున మిగిలేది ఆ రాత్రి ఎంట్రీలే. మొదట్లో మా స్టాఫ్ పని పెరిగిందని విసుక్కున్నారు. ఇప్పుడు మధ్యాహ్నం కౌంటర్ ముందు అరుపులు తగ్గాయని వాళ్లే చెప్తున్నారు.

నా అభిప్రాయం అడిగితే, మా పొరపాటుకి నాలుగు రోజుల తర్వాత పసివాడి తల్లికి ఫోన్ చెయ్యకూడదు. చిన్న మొత్తాలైతే హాస్పిటలే వదులుకోవాలి.

పాలసీ_బాబాయ్

అది నిజమైన బిల్లే అయితే, కట్టి రసీదు తీసుకోండి. ఇన్సూరెన్స్‌కి రీయింబర్స్‌మెంట్ కింద పెట్టవచ్చు. డిశ్చార్జ్ తర్వాతి మందులు, పరీక్షలకి కూడా పాలసీలో 60 రోజులో 90 రోజులో కవర్ ఉంటుంది, ఆ బిల్లులు పారెయ్యకండి.

వనస్థలిపురం_వాసి

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మా పెద్దనాన్న పోయిన ఏడాది ఐసీయూలో పోయారు. రాత్రి 11:20కి. “ఇన్సూరెన్స్ వాళ్లు పొద్దున వస్తారు, అప్రూవల్ రాకుండా బాడీ ఇవ్వలేం” అన్నారు. పెద్దమ్మ ఐసీయూ బయట కుర్చీలో తెల్లవార్లూ కూర్చుంది. పొద్దున 10:15కి ఇచ్చారు. ఊళ్లో జనమంతా ఎదురుచూస్తున్నారు. అప్పుడు ఏం అడగాలో నాకు తెలియలేదు.

పాలసీ_బాబాయ్

నాయనా, మీరు రాసి మంచి పని చేశారు. అదే సర్క్యులర్‌లో ఇది కూడా ఉంది. చికిత్సలో ఉండగా మనిషి పోతే, క్లెయిమ్ వెంటనే తేల్చి, పార్థివదేహం వెంటనే విడుదలయ్యేలా ఇన్సూరెన్స్ కంపెనీ చూడాలి. పొద్దున దాకా అనడానికి లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రం కూడా, బిల్లు తగాదా ఉందని రోగిని గానీ మృతదేహాన్ని గానీ ఆపకూడదని చెప్తుంది. ఆ పత్రాన్ని అమలు చెయ్యమని 2019లో కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకి రాసింది.

ఇన్సూరెన్స్ వైపు తప్పు ఉంటే ముందు కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి రాయండి. ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో కూడా పెట్టొచ్చు, 155255కి ఫోన్ చేసినా సరే. నెల రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు నచ్చకపోతే, ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి. మన ఆఫీసు లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా చూస్తారు. హాస్పిటల్ మీద ఫిర్యాదు మాత్రం అక్కడ తీసుకోరు. దానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి, 5 లక్షల లోపు కేసులకి అక్కడా ఫీజు లేదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్

వనస్థలిపురం గారూ, మీ పెద్దమ్మ గారు ఇప్పుడెలా ఉన్నారు?

వనస్థలిపురం_వాసి

బాగానే ఉంది సిస్టర్. మా దగ్గరే ఉంటోంది. అడిగినందుకు థ్యాంక్స్.

ఉప్పల్_అమ్మాయి

నెలన్నర అయింది, అమ్మ విషయం చెప్పాలని వచ్చాను.

అడ్మిషన్ రోజే టీపీఏ డెస్క్‌లో కూర్చుని మా చేతి నుంచి ఎంత పడుతుందో రాయించుకున్నాను. రూమ్ పాలసీ లిమిట్ లోపలే తీసుకున్నాం. నాలుగో రోజు సాయంత్రం రౌండ్స్‌లో డాక్టర్ గారిని సిస్టర్ చెప్పినట్టే అడిగాను. ఆయన నవ్వి అక్కడికక్కడే ఫైల్‌లో రాశారు. రాత్రి 9కి సిస్టర్ వచ్చి డ్రాయర్‌లో మందులు లెక్కపెట్టి తీసుకెళ్లారు. మోకాలి కేసుల్లో ఇంప్లాంట్ స్టిక్కర్లు, ఇన్‌వాయిస్ లేకే ఎక్కువ క్వెరీలు వస్తాయని బిల్లింగ్_కౌంటర్ గారు నాకు విడిగా రాశారు. అందుకని పొద్దున 8కే టీపీఏ డెస్క్‌కి వెళ్లి అవి ఉన్నాయో లేదో చూడమన్నాను. స్టిక్కర్లు ఉన్నాయి, ఇన్‌వాయిస్ లేదు. ఓటీ స్టోర్ నుంచి తెప్పించారు.

9:50కి డాక్టర్ ఆర్డర్. 11:15కి సమ్మరీ సంతకం. 12:05కి ఫైనల్ బిల్లు అప్‌లోడ్ అయింది, యాప్‌లో కనిపించింది. క్వెరీ రాలేదు. 1:40కి అప్రూవల్. మేం కట్టాల్సింది 11,260, మొదటిరోజు చెప్పినదానికి 400 తేడా.

ట్రాలీ అబ్బాయి ఈసారి కూడా అమ్మ బెడ్ దాటి వెళ్లబోయాడు. పిలిచి ఆపాను. పొద్దున్నే సిస్టర్‌తో చెప్పి డైట్ ఆపొద్దని రాయించాను కాబట్టి లిస్టులో చూసుకుని ప్లేటు దింపాడు. అమ్మ పెరుగన్నం తిని, వాకర్ పట్టుకుని లిఫ్ట్ దాకా తనే నడిచింది. 2:25కి గేటు దాటాం.

నాన్న భోజనం సంగతి మీద ఇచ్చిన లెటర్‌కి కూడా జవాబొచ్చింది. షుగర్ పేషెంట్లకి గేటు పాస్ దాకా డైట్ ఆపకూడదని అన్ని వార్డులకీ చెప్పారట. మిగతావాళ్లకి కూడా అలాగే చెయ్యమని మళ్లీ రాస్తున్నాను.

బిల్లింగ్_కౌంటర్

చాలా సంతోషం అమ్మా. ఇంప్లాంట్ స్టిక్కర్ల కాపీ ఒకటి మీరూ తీసుకున్నారా? రేపు ఎప్పుడైనా మోకాలికి ఏదైనా అవసరమైతే అందులోని బ్యాచ్ నంబర్, సైజు కావాలి.

ఉప్పల్_అమ్మాయి

తీసుకున్నాను సార్. డిశ్చార్జ్ సమ్మరీ వెనకాలే పిన్ చేసి పెట్టాను.